ఖాలమ్మ నల్ల బ్రష్షు

గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసిన బ్రష్షును ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. అవును, అదే వాసన. వానలో తడిసిన పశువు పక్కనుంచి వెళ్తే వచ్చే వాసనలాంటిదే. అంత ఘాటుగా ఉండదు కానీ కాసేపు ముక్కులో నిలుస్తుంది. ప్లాస్టిక్‌కు ఈ వాసన రాదు, కొబ్బరి పీచుకూ రాదు. ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఆయేషా నా పక్క కుర్చీలో కూర్చుని, జడ విప్పి ఒళ్లో వేసుకుని, నేనేం చెబుతానా అని చూస్తోంది. డిగ్రీ చదివే పిల్ల. నడుము దాటిన జుట్టు. రెండు బ్రష్షులు తెప్పించుకుంది, ఒకటి ఉంచుకుని ఒకటి వెనక్కి పంపాలట. "అమ్మమ్మా, ఈ నల్లది జుట్టుకు మస్తు మంచిగుంటదంటున్రు. అసలైన కుచ్చు అని డబ్బా మీద రాసిన్రు. మీరొక్కసారి చూడున్రి" అంది.

కిష్టారెడ్డిపేటలోని మా అపార్ట్‌మెంటులో బ్రష్షు గురించి అడగాలంటే మూడో అంతస్తుకు రావాలని అందరికీ తెలుసు. పటాన్‌చెరులో ఒక బ్రష్షుల కార్ఖానాలో ఏళ్ల తరబడి కుచ్చులు, అంటే బ్రష్షుకు నాటే వెంట్రుకలు, తనిఖీ చేసిన దాన్ని. గోడలకు రంగు వేసే బ్రష్షు, బట్టలకు వాడే బ్రష్షు, తల దువ్వే బ్రష్షు, ఏది చేతిలో పెట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలను. ఈ ఒక్క విషయంలో నాకు అణకువ లేదు, తెచ్చిపెట్టుకోవాలని కూడా లేదు. కానీ ఈ విద్య నాకు కార్ఖానాలో అబ్బింది కాదు. సంగారెడ్డిలో, కోర్టు వెనక సందులో, మా పక్కింటి రహమత్ బీ దగ్గర నేర్చుకున్నాను. నాకప్పుడు పన్నెండేళ్లు. నేర్చుకున్న తీరు మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు.

మా నాన్న కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. మా ఇంటికీ రహమత్ బీ ఇంటికీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటే అడ్డం. ఆమె భర్త పాత జైలులో జమాదారుగా పనిచేసి, నేను పుట్టకముందే పోయాడు. ఒక్కతే కూతురు జుబేదా, పెళ్లై జహీరాబాదులో ఉండేది. రహమత్ బీ తన ముందు గదిలో పూలపూల తెర కట్టి ఆడవాళ్ల కోసం ఒక దుకాణం నడిపేది. గాజులు, రిబ్బన్లు, కంటికి పెట్టుకునే సుర్మా, తలనూనెలు, కొమ్ము దువ్వెనలు, పేన్ల దువ్వెనలు అమ్మేది. మగవాళ్లు తెర దాటి రాకూడదు. బజారులో నోరు విప్పని కోడళ్లు కూడా ఆ తెర లోపలికి వస్తే గలగలా మాట్లాడేవారు. హిందువులూ ముస్లిములూ అందరూ వచ్చేవారు. పెద్దవాళ్లు ఆమెను ఆపా అనో అక్కా అనో పిలిచేవారు. సందులోని పిల్లలందరికీ ఆమె ఖాలమ్మే, పిన్ని అన్నమాట.

ఖాలమ్మ వ్యాపారం చేసే పద్ధతి ఒకటుంది, అది మరెక్కడా చూడలేదు. ఏ వస్తువైనా తెచ్చినవాణ్ణి ముందు ఒకటే ప్రశ్న అడిగేది: "ఇది దేనితోని జేసిన్రు?" జవాబును బట్టి ఆ వస్తువును వేరు వేరు గంపల్లో పెట్టేది. మార్వాడీ కోమలమ్మ గారింట్లో ఎముకతో చేసింది ముట్టరు. ఇంకొకరింట్లో తోలు గడప లోపలికి రాకూడదు. తనవాళ్లకు చెల్లనివి కొన్ని ఉన్నాయి. ఎవరింటికి ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో మొత్తం సందుకు సందు ఆమెకు నోటికి వచ్చు. ఒకసారి కోమలమ్మ గారి కోడలు ఒక తెల్ల దువ్వెన మోజుపడి తీసుకుంటుంటే ఖాలమ్మ చేతిలోంచి లాగేసుకుంది. "అది ఏనుగు దంతం గాదు బిడ్డా, ఎముక. మీ అత్తకు తెలిస్తే నిన్ను ఏమనదు, నన్నంటది" అంది. ఆ కోడలు ముఖం ముడుచుకున్నా మర్నాడు మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు ఆ దుకాణంలో వస్తువు కన్నా ముందు ఖాలమ్మ మాటను కొనేవారు.

ఆ ఏడు నాకు ఇరవై ఒక్క రోజుల జ్వరం వచ్చింది. బతుకుతుందో లేదో అన్నారట. బతికాను కానీ లేచి కూర్చునేసరికి నా జుట్టు తలగడకు అతుక్కుపోయి, అట్టలు కట్టి, పిచ్చుక గూడులా తయారైంది. జుట్టు గురించి నేను కాస్త చెప్పుకోవాలి. నేను నల్లగా, సన్నగా, ఎత్తు పళ్లతో ఉండేదాన్ని. చదువు అంతంతమాత్రం. నాకున్నదల్లా మోకాళ్ల దాకా వచ్చే జడ. బడిలో ముగ్గురు సుగుణలు ఉంటే నన్ను జడ సుగుణ అనేవారు. ఆ పిలుపు వినిపిస్తే చాలు, ఆ రోజంతా అన్నం తినకపోయినా నాకు కడుపు నిండినట్టే ఉండేది. ఇప్పుడు ఆ జుట్టును చూసి మా నానమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "దీనికి దువ్వెన ఎక్కదు. ఆదివారం మంగలిని పిలువున్రి. గుండు గొట్టిస్తే కొత్తది మొలుస్తది." మా నాన్న తలూపాడు. మా అమ్మ అత్త ముందు మాట్లాడే మనిషి కాదు. నేను గోడకు తిరిగి ఏడ్చాను.

ఆ ఏడుపు గోడ దాటి వినిపించింది కాబోలు. ఖాలమ్మ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, అట్టలను వేళ్లతో నొక్కి చూసింది. "పెద్దమ్మా, నాలుగొద్దులు ఈ పిల్లను నాకియ్యి. నాతోని గాకుంటె ఆదివారం నువ్వన్నట్టే చెయ్యి" అంది నానమ్మతో. నానమ్మకు ఖాలమ్మంటే లోపల గౌరవం ఉంది, పైకి ఒప్పుకోదు. "గొట్టించే తలకు నూనె దండుగ" అని గొణిగి ఊరుకుంది. నాలుగు రోజులూ ఖాలమ్మ నన్ను తన వాకిట్లో పీట మీద కూర్చోబెట్టుకుని, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, ఒక్కో అట్టనూ వేళ్లతో విడదీసింది. దువ్వెన జోలికి పోలేదు. నాకు నొప్పి పుట్టి అరిస్తే "అరువు, అరిస్తె జల్దీ అయితది" అని నవ్వేది. శనివారం సాయంత్రానికి చిక్కంతా విడిపోయింది.

విడిపోయిన సంతోషం ఒక పూటే. జ్వరంతో కుదుళ్లు వదులైపోయి, దువ్వెన పెడితే జుట్టు పిడికిళ్లుగా ఊడి వచ్చేది. నానమ్మ ఆ ఊడిన జుట్టును ఉండ చుట్టి నాన్నకు సాక్ష్యంగా చూపించేది. మంగలిని పిలవడం మానుకోలేదు, ఒక వారం వాయిదా వేసింది. మా ఇంట్లో నా జుట్టు కేసు కోర్టు కేసులాగే వాయిదాల మీద నడిచింది. అప్పుడు ఖాలమ్మ అంది: "దువ్వెన పన్ను గట్టిది, గుంజుతది. దీనికి కుచ్చు బుర్సు గావాలె." సంగారెడ్డిలో అలాంటిది దొరకదు. హైదరాబాదు పోతున్న తన మరిదికి చెప్పి మూడు రకాలు తెప్పించింది. ఆ మూడింటినీ చాప మీద వరసగా పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పొడుగు జుట్టుకు బ్రష్షు ఎలా ఎంచాలో ఆ రోజు నేర్చుకున్నదానికి తర్వాత నా ఉద్యోగం కూడా పెద్దగా కలిపింది లేదు.

మొదటిది ఇనప పుల్లలది. ఖాలమ్మ దాన్ని నా మణికట్టు లోపలివైపు అదిమి లాగింది. తెల్లగా గీతలు పడ్డాయి. "తోలు మీద గీరింది తల మీద గూడ గీరుతది" అని పక్కన పెట్టేసింది. రెండోది మేక బొచ్చుది, తెల్లగా, మెత్తగా, పసిపిల్ల బుగ్గలా ఉంది. నేను అదే కావాలన్నాను. ఖాలమ్మ దాన్ని నా జుట్టు మీద ఒకసారి నడిపి, కింద పొరను వేళ్లతో పైకెత్తి చూపించింది. పైపొర నున్నగా ఉంది, కింద ఎక్కడి చిక్కు అక్కడే ఉంది. "ఇది పైపైన మురిపెం జేస్తది, లోపటికి పోదు. పొట్టి జుట్టుకు నడుస్తది, నీ అసుంటి దానికి నడవది" అంది. మూడోది నల్లది. వెడల్పాటి కర్ర వీపు, అరచేతికి సరిపోయేంత ఉంది. కుచ్చులు ఒత్తుగా కాక వరసకూ వరసకూ మధ్య సందు వదిలి నాటారు. మణికట్టు మీద అదిమితే లోపలికి దిగింది కానీ గీరలేదు. వేలితో వంచి వదిలితే టక్కున నిటారుగా నిలబడింది. కుచ్చు పట్టుకుని లాగితే ఒక్క వెంట్రుకా ఊడలేదు. "ఇగో, ఇదీ బుర్సంటె. కుదుట్ల ఉన్న నూనెను కొసదాకా మోసుకపోతది" అంది ఖాలమ్మ కళ్లు మెరిపిస్తూ. తర్వాత, ఎప్పటిలాగే, మరిదిని అడిగింది. "దేనిది?" ఆయన తెర అవతలి నుంచే జవాబిచ్చాడు. "గుర్రం తోకదంట వదినా. దుకాణమాయన చెప్పిండు."

ఇక రోజూ సాయంత్రం ఎండ వాలాక, మగ్రిబ్ నమాజుకు ముందు, నేను ఖాలమ్మ వాకిట్లో పీట మీద ఉండేదాన్ని. ఆమె ముందు కొసలు పట్టుకుని, తర్వాత ఒక జానెడు పైకి, మళ్లీ ఒక జానెడు పైకి దువ్వుతూ, చివరకు కుదుళ్ల నుంచి కొసల దాకా ఒక్క ఊపులో లాగేది. తల మీద ఎవరో మెల్లగా గోకుతున్నట్టు హాయిగా ఉండి నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఊడే జుట్టు తగ్గింది. ఆ బ్రష్షు ఆమెకే ఎంత నచ్చిందంటే, నాది అయ్యాక తన జడ విప్పి తనూ దువ్వుకునేది. ఆమెది నెరిసినా పొడుగు జుట్టే. అంతా అయ్యాక నేను ముక్కున్న రాగి చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి ఆమె చేతుల మీద పోసేదాన్ని. ఆమె చేతులు, నోరు, ముఖం, మోచేతుల దాకా కడుక్కుని, తలకు తడిచెయ్యి రాసి, కాళ్లు కడుక్కుని నమాజుకు వెళ్లేది. నీళ్లు ధార తెగకుండా, చిందకుండా పోయాలి. "నీ తీరు ఎవరు పొయ్యరు బిడ్డా" అనేది. మా ఇంట్లో నేను చేసిన ఏ పనికీ అలాంటి మెప్పు దొరకలేదు.

ఒకరోజు పొద్దున బ్రష్షును కుంకుడుకాయ నీళ్లతో కడిగి, ఖాలమ్మ చెప్పినట్టు కుచ్చు కిందికి ఉండేలా గోడ మీద ఆరబెట్టాను. అలా పెడితే కర్రలోకి నీళ్లు దిగవు. బుట్టలు అమ్ముకునే ఎల్లమ్మ సందులోకి వచ్చి, నెత్తి మీది బుట్టలు దించుతూ దాన్ని చూసింది. ఎల్లమ్మ వాళ్లు ఊరి బయట ఉండేవారు, బుట్టలు అల్లేవారు, పందుల్ని పెంచేవారు. బ్రష్షు తీసి వేళ్లతో సవరించి నవ్వింది. "గిది మా పందుల మెడ మీది బొచ్చు గదా బిడ్డా. మేం పీకి, కడిగి, కట్టలు గట్టి సేటుకిస్తం. పట్నంల గిట్ల జేస్తున్నరా!" గుర్రం తోకది అన్నాను నేను పౌరుషంగా. ఎల్లమ్మ ఒక వెంట్రుకను ఎండకు అడ్డంగా పట్టింది. "కొస సూడు. రెండుగ చీలలేదూ? గుర్రం ఎంటికె గిట్ల చీలది. మొదట్ల లావు, కొసకు సన్నం. ఇది మాదే." చూశాను. కొస చీలి ఉంది. ఆ పక్కదీ, దాని పక్కదీ అంతే.

ఖాలమ్మకు పంది అంటే ఏమిటో పన్నెండేళ్లకే నాకు బాగా తెలుసు. ఆ మాట కూడా ఆమె నోటితో అనేది కాదు. చెబితే బ్రష్షు విసిరేస్తుంది. విసిరేస్తే నా జుట్టు మళ్లీ రాలుతుంది. రాలితే ఆదివారం మంగలి వస్తాడు. నా బుర్రలో ఆలోచన అంతవరకే సాగి ఆగిపోయింది. ఎల్లమ్మ మాటలు ఎవరూ వినలేదని చూసుకుని, బ్రష్షు తీసి లోపల పెట్టాను. ఆ సాయంత్రం ఖాలమ్మ నన్ను దువ్వింది, తనూ దువ్వుకుంది. నేను చెంబు పట్టుకుని చేతుల మీద నీళ్లు పోశాను. ధార తెగలేదు, చిందలేదు. ఆమె ఎప్పటిలాగే "నీ తీరు ఎవరు పొయ్యరు" అంది. నేను తల వంచుకున్నాను. అలా ఒక్క రోజు కాదు, తొమ్మిది రోజులు చేశాను. మూడో రోజుకు ఆ పని అలవాటైపోయింది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇప్పటికీ అదే.

నా జుట్టు కుదుటపడటం చూసి సందులో ఆడవాళ్లు మాకూ అలాంటి బ్రష్షు కావాలన్నారు. ఖాలమ్మ "ముందు నా బిడ్డకు, తర్వాత మీకు" అని చెప్పి మరిదితో ఇంకొకటి తెప్పించింది. శుక్రవారం జుబేదా పుట్టింటికి వస్తోంది. గురువారం మధ్యాహ్నం ఖాలమ్మ ఆ కొత్త బ్రష్షును శుభ్రమైన తెల్లగుడ్డలో చుట్టి, కూతురి కోసం దాచిన కొత్త ఓణీల పెట్టెలో పెడుతూ నాతో అంది. "జుబేదాకు గూడ నీలెక్కనే పొడుగు జుట్టు. సచ్చేదాక వాడుకుంటది, దాని బిడ్డకిస్తది." పెట్టె మూత పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఖాలమ్మా, అది గుర్రానిది గాదు."

"మరి దేనిది?"

"ఎల్లమ్మ చెప్పింది. వాళ్ల... వాళ్ల పందులదంట."

ఖాలమ్మ చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. చాలా మెల్లగా అడిగింది. "ఎల్లమ్మ నీకెప్పుడు చెప్పింది?"

"మొన్న మంగళారం గాదు, అవుతలి మంగళారం."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అంటె తొమ్మిదొద్దులు. ఈ తొమ్మిదొద్దులు నా చేతుల మీద నీళ్లు ఎవలు పోసిన్రు?"

"నేనే" అన్నాను.

కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆమె పెట్టె మూత వేసి, "ఇంటికి పో బిడ్డా" అంది అంతే. బిడ్డా అనే మాట ఎప్పటిలాగే వచ్చింది, కానీ నా వైపు చూడలేదు. గోడ ఇవతల నుంచి చూశాను. ఎర్రటి ఎండలో ఆమె బావి దగ్గర చేతులు కడుక్కుంటోంది, మళ్లీ కడుక్కుంటోంది. నీళ్లు తోడి తల మీద కుమ్మరించుకుంటోంది. పెట్టెలోని ఓణీలన్నీ ఉతికి తీగ మీద ఆరేసింది. నీళ్లు తనే తోడుకుంది, తనే పోసుకుంది. నాకు ఆ రోజు గుండు గురించి ఆలోచనే రాలేదు. మా అమ్మ ఒళ్లో తల పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. నానమ్మ విన్నది. "ఇగ ఆమెకు ఏం మొఖం సూపిస్తవే? ఆదివారం మంగలొస్తడు, ఇది ఖాయం" అంది. నేను కాదనలేదు.

శుక్రవారం జుబేదా వచ్చింది, పక్కింట్లో నవ్వులు వినిపించాయి. నేను బయటికి రాలేదు. శనివారం సాయంత్రం, సరిగ్గా ఆ వేళకే, గోడ మీదుగా పిలుపు వచ్చింది. "సుగుణా! పొద్దు గూకుతున్నది, ఏం జేస్తున్నవ్? మీ అమ్మను తోల్కరా." వెళ్లాం. పీట ఎప్పటి చోటే ఉంది. నా బ్రష్షు కాగితంలో చుట్టి అరుగు మీద ఉంది. ఖాలమ్మ దానికి ఒక మూరెడు దూరంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అది నేను ముట్ట. మీ అమ్మ దువ్వుతది, నేను చెప్త" అంది. గోడ అవతల నిలబడి చూస్తున్న నానమ్మ "పంది బొచ్చుతోనా, ఛీ!" అంది. అప్పుడు మా అమ్మ, అత్త ముందు ఎన్నడూ నోరెత్తని మా అమ్మ, కాగితం విప్పుతూ "బొచ్చు ఏదైతేంది అత్తమ్మా, కుంకుళ్లతోని కడిగిందే గదా" అంది. నానమ్మ లోపలికి వెళ్లిపోయింది, మర్నాడు మంగలిని పిలవలేదు.

"ముందు కొసలు వట్టు. ఆ... జెర కిందికి. గుంజకు చెల్లే, జారనియ్యి. మణికట్టు తిప్పు, మోచెయ్యి గాదు." మా అమ్మ చేతులు, ఖాలమ్మ మాట. అలా నా తల దువ్వడం సాగింది. ఆమె కళ్లు బ్రష్షు మీదే ఉండేవి, చెయ్యి మాత్రం ఒళ్లోంచి కదిలేది కాదు. మూడో సాయంత్రం నేను ధైర్యం చేసి అడిగాను. "నా మీద కోపం లేదా ఖాలమ్మా?" ఆమె సూటిగా చెప్పింది. "ఉన్నది. కోపముంటే నీ జుట్టు రాలగొట్టాల్నా? బుర్సు మంచిదే, నీకు చెల్లుతది, నాకు చెల్లది. దానిది తప్పు లేదు. నాదొక తప్పున్నది, అడిగిన గని కండ్లతోని చూడలె. నీదొకటున్నది. నాకు చెప్పేది నువ్వొక్కదానివే ఉంటివి, నువ్వు చెప్పలె." తర్వాత మా అమ్మతో "కుదురు కాడ జెర అదుము" అంది, మామూలు గొంతుతో.

నాకు శిక్ష వెయ్యలేదని చెప్పను. ఆ దుకాణంలో సాయంత్రాలు కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ ప్రతి వస్తువూ దేనితో చేశారో వాళ్లు అడగకముందే చెప్పాలి. ఖాలమ్మ పక్కన కూర్చుని వినేది. తెలియకపోతే "తెల్వదు" అనాలి. మొదట్లో ఆ మాట నోట రావడానికి సిగ్గుపడేదాన్ని. వెంట్రుకను వెలుతురుకు పట్టి కొస చూడటం ఎల్లమ్మ దగ్గరే మళ్లీ సరిగ్గా నేర్చుకున్నాను, ఖాలమ్మే పంపింది. కానీ అసలు శిక్ష అది కాదు. నమాజు వేళకు ఆమె లేచి, చెంబు తానే తీసుకుని, నీళ్లు తానే పోసుకునేది. ఒక చేత్తో పోసుకుంటుంటే ధార తెగేది, నీళ్లు కాళ్ల మీద చిందేవి. నేను పక్కనే నిలబడేదాన్ని. చెంబు నా చేతికి ఇచ్చేది కాదు.

జుట్టు నిలబడింది. నానమ్మ మంగలి మాట ఎత్తడం మానేసి, నా జ్వరం రోజుల్లో మొక్కుకున్న మొక్కు తీర్చడానికి నన్ను ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి దగ్గరకు తీసుకెళ్లింది. దారంతా నా జడ తనే కాపాడినట్టు చెప్పుకుంది. నేను జడ సుగుణనే అయ్యాను మళ్లీ. అయినా నాకు మునుపటి సంబరం రాలేదు. ఊరి నుంచి వచ్చి, కుంకుమ నుదుటనే ఉండగా, నేరుగా ఖాలమ్మ వాకిట్లోకి వెళ్లాను. ఆ సాయంత్రం దుకాణంలో ఒకామె ఒక సుర్మా సీసా చూపించి ఇందులో ఏం కలిపారని అడిగింది. "నాకు తెల్వదక్కా, తెలుసుకోని రేపు చెప్త, గప్పుడే కొనుక్కో" అన్నాను. ఆమె సరే అని వెళ్లిపోయింది. మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఖాలమ్మ లేచి బావి గట్టు మీద కూర్చుంది. చెంబు నిండుగా పక్కన ఉంది. ఆమె దాన్ని అందుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, నా వైపు చూడకుండానే "పొయ్యి" అంది.

ఆ రోజు నీళ్లు బాగా చిందాయి. ఆమె చీర కొంగు తడిసింది. తడి కొంగు పక్కకు లాక్కుని చేతులు మళ్లీ చాచింది.

తర్వాత కొన్నేళ్లకు ఖాలమ్మ దుకాణం మూసేసి జుబేదా దగ్గరకు వెళ్లిపోయింది, అక్కడే పోయింది. నేను పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, పటాన్‌చెరు చుట్టుపక్కల కార్ఖానాలు లేచినప్పుడు బ్రష్షుల కార్ఖానాలో చేరాను. కుచ్చు చూసి చెప్పగల ఆడమనిషి దొరికినందుకు వాళ్లు సంతోషించారు. ఆ సంతోషం తొందరగానే తగ్గింది. డబ్బాల మీద మేలు రకం కుచ్చు అని మాత్రమే అచ్చేస్తుంటే ఏ జంతువుదో కూడా వెయ్యాలని పట్టుబట్టాను. మేనేజరు "ఎవరడుగుతున్నరమ్మా? ఒక్కరు గూడ అడగలె" అన్నాడు. "అడిగితె చెప్పుడు ఎవలైనా జేస్తరు సార్" అన్నాను. నన్ను మొండిదాన్ని అన్నారు. నిజమే. నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత డబ్బాల మీద ఆ మాట వచ్చింది.

ఆయేషా ఇంకా ఎదురుచూస్తోంది. నల్ల బ్రష్షును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఒక వెంట్రుకను వెలుతురుకు పట్టాను. ఈ వయసులో భూతద్దం కావాలి. కొస రెండుగా చీలి ఉంది. మణికట్టు మీద అదిమాను, దిగింది, గీరలేదు. కర్ర బాగుంది, వరసల మధ్య సందు బాగుంది. ఆ పిల్ల జుట్టుకు దీన్ని మించింది దొరకదు. రెండోది కర్ర పుల్లలది, పర్వాలేదు, అంతే.

"బుర్సు మస్తు మంచిది బిడ్డా" అన్నాను. "పంది బొచ్చుది."

ఆయేషా చేతిలోని జుట్టు వదిలేసి నా ముఖంలోకి చూసింది. డబ్బా తిప్పి తిప్పి చదివింది. ఎక్కడా రాసి లేదు. ఇందాక దానితో రెండుసార్లు తల దువ్వుకుంది కూడా. కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. "మీరు చెప్పకుంటె నాకు ఎప్పటికీ తెల్వకపోవు గదా అమ్మమ్మా" అంది మెల్లగా.

"తెల్వకపోవు" అన్నాను.

కర్ర పుల్లల బ్రష్షు తీసి మణికట్టు మీద ఎలా చూడాలో, కొసల నుంచి ఎలా మొదలుపెట్టాలో చెప్పాను. కాస్త శ్రద్ధగా దువ్వుకుంటే దానితోనూ పని జరుగుతుంది. ఆ పిల్ల నల్లదాన్ని డబ్బాలో పెట్టి మూసింది. చేతులు కడుక్కుంటానని మా వాష్ బేసిన్ దగ్గరకు వెళ్లింది. నేనూ కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వెనకే నడిచాను. తను చేతులు చాచింది. కుళాయి నేనే తిప్పాను.